బొటనవేలి కింది బటన్

అనార్‌కాన్ తన కెమెరాను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. పెళ్లిళ్లలో రెండు గ్లాసులు పడ్డ కుర్రాళ్లు "అక్కా, ఒక్కటంటే ఒక్కటి నేను నొక్కుతా" అని వెంటపడితే, "అంత సరదాగా ఉంటే ఇంటికెళ్లి మీ అమ్మ కాళ్లు నొక్కు" అనేది. మొగుడు తాలాయ్‌కి ఇవ్వదు. కొడుకులిద్దరికీ ఇవ్వదు. నాకూ ఇవ్వదు. ఆమె ఫోటోలు తీసే పెళ్లిళ్లకే నేను వీడియో తీస్తాను. బిష్కెక్‌లో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి నేను మా ఊరు కొచ్కోర్‌కి తిరిగొచ్చినప్పటి నుంచీ ఇద్దరం ఒకే కారులో తిరుగుతున్నాం, ఒకే పళ్లెంలో తింటున్నాం. తినేటప్పుడు కూడా కెమెరా ఆమె మెళ్లోనే ఉంటుంది. నేను చెయ్యి చాపితే, "బోర్సోక్ రొట్టెలు వేయించిన నూనె కారుతోంది నీ వేళ్లనుంచి, దూరం జరుగు" అంటుంది.

ఈ అలవాటే చివరికి ఆమె కొంప ముంచింది. అందుకే ముందు ఇది చెప్పాను.

ఆమె స్టూడియో బజారుకి ఈ చివర, నారిన్ వెళ్లే వ్యాన్లు ఆగే చోట ఉంది. ఒక పక్క పంక్చర్లు వేసే షెడ్డు, ఇంకో పక్క మందుల షాపు. లోపల ఒక స్టూలు, దాని వెనక నీలం గుడ్డ, మూలన బొగ్గు పొయ్యి. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. బడి పిల్లల ఫోటోలు తీస్తుంది. సమాధి రాళ్ల మీద చెక్కించడానికి పోయినవాళ్ల పాత ఫోటోలు తెస్తే ముఖాలు బాగుచేసి ఇస్తుంది. రష్యాకి పనికి వెళ్లిన ప్రతివాడూ ఆ స్టూలు మీద కూర్చుని లేచినవాడే. "గడ్డం దించు. ఇంకా దించు. నీ ముక్కులోకి చూడ్డానికి అక్కడెవడూ జీతం తీసుకోవడం లేదు" అంటుంది. అవతలివాడు నవ్వాలా మానాలా అని తేల్చుకునేలోపు ఫోటో అయిపోతుంది.

ఊళ్లో సగం ఇళ్ల గోడల మీద ఆమె తీసిన ఫోటోలున్నాయి. ఆమె ఉన్న ఫోటో మాత్రం ఏ గోడ మీదా లేదు. ఫోటోలు తీసేవాళ్ల బతుకు అంతేలే అనుకున్నాను నేను. సైకాల్ పెళ్లి కుదిరేదాకా అలాగే అనుకున్నాను.

సైకాల్ అనార్‌కాన్ బావగారి కూతురు. అందరూ అలాగే అంటారు. బావగారు ఇశెన్‌కీ, తోడికోడలు కలీపాకీ పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు కలగలేదు. చిన్నకోడలిగా వచ్చిన అనార్‌కాన్‌కి ఏడాది తిరక్కుండానే కడుపొచ్చింది. కాన్పుకి ముందే అత్తగారు తేల్చి చెప్పేసింది, "మొదటిది పెద్దింటికి" అని. మా వైపు ఇది కొత్తా కాదు, తప్పూ కాదు. ఎవరూ గోల చేయరు. నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్లతో బిడ్డకు స్నానం చేయించారు. కలీపా తన గౌను మెడలోంచి బిడ్డను లోపలికి దించి, కింద అంచులోంచి బయటికి తీసింది. అంటే ఇక తనే కన్నట్టు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు "తల్లీబిడ్డా చల్లగా ఉండాలి" అని కలీపా వైపు చూసి దీవించారు. అనార్‌కాన్ రొమ్ముకి తువ్వాలు బిగించి కట్టుకుని, వచ్చినవాళ్లకి టీ పోయడానికి లేచింది. ఆ రోజు అక్కడున్న మా అమ్మ చెప్పిన మాట ఇది.

రెండిళ్లకీ మధ్య ఒక వరస పోప్లార్ చెట్లే అడ్డం. సైకాల్ వాటి సందులోంచి దూరి వచ్చి, "పిన్నీ, అమ్మ ఉప్పు తెమ్మంది" అనేది. ఉప్పు పట్టుకుని అదే సందులోంచి వెళ్లిపోయేది. అసలు సంగతి ఆ పిల్లకి తెలుసా అని అడగకండి. ఊరందరికీ తెలిసింది ఆ పిల్లకి తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఎవరూ నోటితో అనరు, అంతే.

ఆ తర్వాత అనార్‌కాన్‌కి ఇద్దరు కొడుకులు పుట్టారు. కెమెరా పట్టింది మాత్రం సైకాల్ కోసమే. పిల్ల నడక నేర్చిన రోజు కాళ్లకి నలుపూ తెలుపూ దారం కట్టి, పరుగు పందెంలో గెలిచినవాళ్ల చేత తెంపిస్తారు కదా, ఆ రోజు తాలాయ్ దగ్గరున్న పాత రీలు కెమెరా తీసుకుని వెళ్లింది. "కెమెరా చేతిలో ఉంటే ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ అనుకోరు జెనిష్" అని ఒకసారి పొయ్యిలో బొగ్గు వేస్తూ నాతో అంది. "ఉత్తినే చూస్తే మాత్రం, చిన్నకోడలి చూపు పిల్ల మీదే ఉందని అంటారు." సైకాల్ బళ్లో చేరిన రోజు, పళ్లూడిన రోజు, మొదటిసారి గుర్రమెక్కిన రోజు, అన్నీ తీసింది. ఆ ఆల్బం కలీపా ఇంట్లో ఉంది. దాన్నిండా సైకాల్, కలీపా, ఇశెన్. ఒకటి రెండింట్లో నేల మీద అనార్‌కాన్ నీడ పడింది.

వేసవి చివర సైకాల్‌కి అత్‌బాషీ సంబంధం కుదిరింది. ఆ వారమే అనార్‌కాన్ రెండేళ్లు మేపిన కోడెను శనివారం సంతకు తోలుకెళ్లి అమ్మేసి, కొత్త కెమెరా తెప్పించుకుంది.

పాతదానితో ఇక కుదరదని నాకూ తెలుసు. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే చెప్పులు కుట్టేవాడి జిగురుతో అంటించింది. నొక్కితే గొళ్లెం పడ్డట్టు చప్పుడు. చీకటి గదిలో తీస్తే ఫోటో అంతా మినపప్పు చల్లినట్టు చుక్కలు. తాలాయ్‌కి మాత్రం కోడె పోవడం మింగుడు పడలేదు. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అరిచాడు.

"కోడెనిచ్చి నల్ల డబ్బా తెచ్చుకుంది! గడ్డి మేస్తుందా అది? చలికాలం మాంసమవుతుందా?"

"మేయదు" అంది అనార్‌కాన్ లోపల్నుంచి. "నీలాగా గురక కూడా పెట్టదు."

డబ్బా తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. స్టూడియో తలుపు గడియ పెట్టింది. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, కొత్త కోడలి ముసుగు తీసినట్టు నెమ్మదిగా తీసింది. ఆన్ చేస్తే మెనూ అంతా జపాను అక్షరాల్లో వచ్చింది. ఇద్దరం అడ్డదిడ్డంగా నొక్కుకుంటూ పోతే ఒకచోట గుండె ఆగినంత పనైంది. అన్నీ చెరిపేయమంటావా అని అడుగుతోందేమో అనిపించింది. చివరికి రష్యా భాష దొరికింది. తారీఖు పెట్టింది. కళ్లద్దాలు తీసేసి, కన్ను ఆనించే చోట ఉన్న చిన్న చక్రాన్ని తన చూపుకి సరిపడా తిప్పుకుంది. పట్టీ పొడవు సరిచేసుకుని, మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకుంది.

"ఎలా ఉంది?"

"బరువుగా ఉంది."

"నిన్నడిగాను చూడు. మెడ బరువా, నగ బరువా తెలియని వెధవ్వి."

కెమెరాలో వెలుగు పట్టే పలక పాతదానికన్నా చాలా పెద్దది. దానివల్ల మంచి ఉంది, చెడు ఉంది. చీకట్లో కూడా ఫ్లాష్ లేకుండా మనిషిని మనిషిలా తీస్తుంది. కానీ వెలుగు కోసం లెన్స్‌ని బార్లా తెరిస్తే, ఫోకస్ ఉల్లిపొరంత పల్చన. కంటి మీద పెడితే చెవి మసకబారుతుంది. పాత కెమెరా ఏదో నాటు వైద్యుడిలాగా అందర్నీ ఒకే చూపు చూసేది, ముందువాడూ వెనకవాడూ ఇద్దరూ ఓ మాదిరిగా వచ్చేవాళ్లు. కొత్తది ఒక్కర్నే ఎంచుకుంటుంది. మొదటి వారం తీసినవన్నీ పాడయ్యాయి. పంక్చర్ల షెడ్డు ముసలాయన ముక్కు వచ్చింది, కళ్లు రాలేదు. కుక్క తోక వచ్చింది, కుక్క రాలేదు. ఆమె బల్ల మీద తల పెట్టుకుని, "కోడెను తిరిగి ఇమ్మంటే ఇస్తాడా కొన్నవాడు?" అంది.

అప్పుడు ఆల్మాటీలో ఎవడో ఫోటోగ్రాఫరు పెట్టిన వీడియో చూసింది. మామూలుగా పైనున్న బటన్‌ని సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఆ వీడియోవాడు రెండు పనులూ విడగొట్టమన్నాడు. ఫోకస్ పనిని కెమెరా వీపు మీదున్న చిన్న బటన్‌కి మార్చేసి, బొటనవేలితో నొక్కాలి. పైబటన్ ఇక ఫోటో మాత్రమే తీస్తుంది, ఫోకస్ జోలికి పోదు. బొటనవేలు ఒకసారి నొక్కి వదిలేస్తే ఫోకస్ అక్కడే నిలబడిపోతుంది. మధ్యలో ఎవడు అడ్డం నడిచినా చెదరదు. పెళ్లిళ్లకి బాగుంటుందన్నాడు.

నాకది వంకర పనిలా కనిపించింది.

"ఒక్క బటనే రెండు పనులూ చేస్తుంటే విడగొట్టడం దేనికక్కా?"

ఆమె మెనూలోంచి తలెత్తకుండానే అంది. "కనేవాళ్లు ఒకరు, పెంచేవాళ్లు ఒకరు ఉన్నప్పుడు, చూసే వేలొకటి, నొక్కే వేలొకటి ఉంటే తప్పేంట్రా?"

తనే పకపకా నవ్వింది.

మూడోరోజుకల్లా బొటనవేలు దానంతటదే పని చేయడం మొదలెట్టింది. టీ గిన్నె పట్టుకున్నా బొటనవేలు కదిలేది. ఫోటోలు ఎలా వచ్చాయంటే, పంక్చర్ల ముసలాయన తన ఫోటోని వెలుగులోకి పట్టుకెళ్లి మరీ చూసుకున్నాడు. చివరికి, "దీన్ని దాచు, నా రాయి మీద ఇదే చెక్కించు" అని వెళ్లిపోయాడు.

పెళ్లి దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం స్టాండు తెచ్చి గది మధ్య పెట్టింది. కెమెరా దాని మీద బిగించి, టైమరు పెట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. నన్ను స్టూలు పక్కన నిలబెట్టింది.

"నువ్వు సైకాల్‌వి అనుకో. కాస్త అందంగా నిలబడు."

"నాకింతకంటే రాదు."

నా ముఖం మీద ఫోకస్ పెట్టి, బటన్ నొక్కి, పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడింది. ఎర్ర దీపం టిక్ టిక్ మని వెలిగింది. ఫోటో చూస్తే, జీవితమంతా జనానికి "భుజాలు వదులు, ఊపిరి పీల్చు" అని చెప్పిన మనిషి, రష్యా వీసాకి దిగినట్టు బిగుసుకుపోయి ఉంది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. ఎన్నోసారికో అడిగాను, "ఎందుకక్కా ఇదంతా?"

"సైకాల్‌తో ఒక్క ఫోటో దిగాలి" అంది. "మేమిద్దరమే. తీసుకెళ్లిపోయే ముందు. ఇరవై ఏళ్లలో ఒక్కటి కూడా లేదు."

"కలీపా అక్కని అడిగితే సరిపోతుందిగా."

"ఏమని అడగను? నీ కూతుర్ని కాసేపివ్వు, పక్కన నిలబడతా అనా?" స్టాండు ముడుస్తూ, "తను కాదనదు. కానీ అడిగిన మాట తన చెవిలో ఉండిపోతుంది. కొత్త కెమెరా కదా, టైమరు పనిచేస్తుందో లేదో చూద్దాం రావే అంటాను సైకాల్‌తో. అబద్ధం కాదుగా" అంది.

అబద్ధం కాదనే అన్నాను.

పెళ్లికూతుర్ని సాగనంపే రోజు పొద్దున్నుంచే మంచు పడుతోంది. అత్‌బాషీ వాళ్లు నాలుగు కార్లలో వచ్చారు. కలీపా ఇల్లంతా మాంసం ఆవిరి, తడి బూట్ల వాసన. చలికాలం మొదలైతే మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే; బల్బులు వెలుగుతున్నాయో, ఆరుతున్నాయో తెలియడం లేదు. అనార్‌కాన్ ఫ్లాష్ తీయలేదు. లెన్స్ బార్లా తెరిచి, గోడల వెంట పిల్లిలా తిరుగుతోంది. స్టాండు తీసి ఒక మూల విప్పబోతే పెళ్లివారి ముసలావిడ కాలు తగిలి పడబోయింది. "ఏంటమ్మా ఇది, పొట్టేలుకి కట్టుగొయ్యా? తీసెయ్!" అంది. అనార్‌కాన్ స్టాండు ముడిచి పెట్టేసింది. తర్వాత ఇంకోసారి కొట్టుగదిలో విప్పబోయింది. వంటవాళ్లు తోసేశారు.

భోజనాలయ్యాక పాలకానుక ఇచ్చారు. అమ్మాయికి పాలిచ్చి పెంచినందుకు వరుడి తల్లి, వధువు తల్లికి పెట్టే కానుక. వాళ్లు తెచ్చింది కోటు. ముదురు ఎరుపు మఖమలు, నక్క బొచ్చు మెడపట్టీ, చేతుల అంచుల్లో వెండి దారంతో కుట్టిన కొమ్ముల ముగ్గు. వరుడి తల్లి దాన్ని విప్పి కలీపా భుజాల మీద కప్పింది.

"మీరు పోసిన పాలకి మేం ఏమిచ్చినా తక్కువే వదినా. ఇది కప్పుకోండి" అంది.

కలీపా తల దించుకుంది. గదిలో మా ఊరి ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఎవరి టీ గిన్నెలోకి వాళ్లు చూసుకున్నారు. అనార్‌కాన్ మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలి బటన్‌తో కలీపా ముఖం మీద ఫోకస్ పట్టుకుని, తీసింది. మళ్లీ తీసింది. నేను వీడియోలోంచి చూస్తున్నాను, ఆమె చెయ్యి కొంచెం కూడా కదలలేదు. కలీపా కోటు తీసేసి, గోడవారన నిలువెత్తు పేర్చిన పరుపుల దొంతర మీద పరిచింది. అనార్‌కాన్ ఆ కోటుని కూడా ఒకటి తీసింది, చేతి అంచు ముగ్గు మీద ఫోకస్ పెట్టి. కానుకల్ని విడిగా తీయడం ఆనవాయితీ.

అప్పుడు బయట హారన్లు మొదలయ్యాయి. దోలోన్ కనుమలో మంచు ఎక్కువవుతోందట, దారి మూసేసేలోపు దాటాలట. ఆడవాళ్లు సైకాల్ భుజాల చుట్టూ తెల్ల శాలువా కప్పేశారు. నా కెమెరాని గడప బయట స్టాండు మీద, వాకిట్లో కార్లవైపు తిప్పి పెట్టేశాను, పెళ్లికూతురు దిగే మెట్లు తీయాలి కదా. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కణ్నుంచి గదంతా కనిపిస్తోంది.

అనార్‌కాన్ గోడకి ఆనుకుని, మెళ్లో కెమెరాని రెండు చేతులతో పట్టుకుని సైకాల్‌ని చూస్తోంది. కెమెరాలోంచి కాదు, ఉత్తినే. నేనెప్పుడూ ఆమెనలా చూడలేదు. ఇక టైమరు లేదు, ఫోటో లేదు అని ఆమెకి తెలిసిపోయింది.

కలీపా అది చూసింది.

"అనార్" అంది. "అది ఇటివ్వు."

"ఏదక్కా?"

"ఆ డబ్బా. ఎప్పుడూ నువ్వే తీశావు. ఇద్దరూ అలా నిలబడండి, నేను నొక్కుతా."

పెళ్లివారికి తప్ప అందరికీ అర్థమైంది. అనార్‌కాన్ పట్టీ తలమీంచి తీసింది. ఆమె మెళ్లోంచి కెమెరా ఇంకొకరి చేతిలోకి వెళ్లడం నేను చూడడం అదే మొదలు.

"ఎక్కడ నొక్కాలే?"

"పైన, కుడిపక్క. అదొక్కటేనక్కా. నొక్కితే చాలు."

బొటనవేలి సంగతి చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఎవరికీ ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి, ఎవరికీ ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ వేలు ఇప్పుడు ఆమె ఒంట్లో భాగం. మనం ఎవరికైనా దారి చెబుతూ, ముందు కాలెత్తి కాలు వెయ్యి అని చెబుతామా?

సైకాల్ "రా పిన్నీ, దగ్గరికి రా" అని భుజం మీద చెయ్యి వేసి లాక్కుంది. పరుపుల దొంతర ముందు నిలబడ్డారు ఇద్దరూ. కలీపా కెమెరాని ఊయల్లో బిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను గట్టిగా మూసింది. అనార్‌కాన్ లెన్స్‌ వైపు చూసింది. సరిగ్గా కలీపా నొక్కేటప్పుడు సైకాల్ తల తిప్పి అనార్‌కాన్ ముఖంలోకి చూసింది. తల తిరగడం నాకు కనిపించింది. నావైపు జడే ఉంది, ముఖం కనిపించలేదు.

"వచ్చిందా?" అంది కలీపా.

"వచ్చిందక్కా."

చూసుకోలేదు. చూసుకునే వ్యవధి లేదు. కలీపా కెమెరా ఇచ్చేసి సైకాల్‌ని కావలించుకుని, తల్లి పాడాల్సిన ఏడుపు పాట ఎత్తుకుంది. "నా గుడారపు కంబమా, నా వాకిటి వెలుగా" అని సాగదీసి పాడుతూ మెట్లు దిగింది. తల్లి పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. అనార్‌కాన్ అందుకోలేదు. పట్టీ మెళ్లో వేసుకుని, బొటనవేలు పెట్టి, వాళ్ల వెనకే పరుగెత్తి తీసింది. కార్లు మలుపు తిరిగేదాకా తీసింది. ఆ ఫోటోలన్నీ అద్భుతంగా వచ్చాయి. కలీపా చెంప మీద నీటిచుక్క, దాన్లో మంచు పడుతున్న వాకిలి.

మర్నాడు స్టూడియోకి వెళ్తే ఆమె కంప్యూటర్ ముందుంది. పొయ్యి వెలిగించలేదు. తన పాత కోటు వేసుకునే కూర్చుంది.

తెరమీద ఆ ఫోటో. ముందు ఇద్దరు మనుషులు, పొగలా. ఒక తెల్ల శాలువా, ఒక నల్ల స్వెట్టరు. ముఖాలున్న చోట వెచ్చని రంగు మాత్రం ఉంది, కళ్లు లేవు, నోరు లేదు. వాళ్ల వెనక, పరుపుల దొంతర మీద పాలకానుక కోటు. నక్క బొచ్చు ఒక్కో వెంట్రుకా కనిపిస్తోంది. చేతి అంచు మీద వెండి దారం ఎక్కడ ముడివేశారో కూడా కనిపిస్తోంది.

కలీపాకి ఇచ్చే ముందు ఆమె చివరిసారి బొటనవేలి బటన్ నొక్కింది ఆ కోటు మీద. ఫోకస్ అక్కడే నిలబడిపోయింది. నిలబడిపోవడానికే కదా ఆ పని విడగొట్టింది.

"దీన్ని బాగుచెయ్యొచ్చా జెనిష్?" అంది.

ఆమె నన్నడుగుతోంది. చచ్చినవాళ్లకి కళ్లు దిద్దే మనిషి, చదువు మానేసిన నన్నడుగుతోంది.

నిన్న సైకాల్ ముఖం బాగా వచ్చిన ఫోటోలు బోలెడున్నాయి, వాటిల్లోంచి తెచ్చి పెట్టొచ్చు కదా అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పెట్టొచ్చు" అంది. "రాత్రి పెట్టి చూశాను కూడా. అవి పెళ్లికొడుకుని చూసిన కళ్లు జెనిష్. ఇంకోటి వాళ్లమ్మని చూసిన కళ్లు." తెరమీద ఆ పొగని వేలితో తాకింది. "ఇక్కడ నావైపు తిరిగింది. తిరిగిందని తెలుస్తోంది, చూడు, శాలువా మడత. నేను లెన్స్‌ వైపు చూస్తున్నా, పిచ్చిదాన్లా. ఎలా చూసిందో నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు."

సైకాల్‌నే అడగొచ్చుగా అనబోయి నోరు మూసుకున్నాను. అలాంటివి అడగగలిగే మనుషులైతే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఆల్బం తయారైంది. ఆ ఒక్కటి తప్ప అన్నీ అచ్చు వేసింది. అత్‌బాషీకి ఒకటి, కలీపాకి ఒకటి పంపింది. చలికాలమంతా ఆ ఫోటో గురించి ఒక్క మాట అనలేదు. పని మామూలే. "గడ్డం దించు" అనడమూ మామూలే, ఆ తర్వాత రావాల్సిన వెటకారం మాత్రం రావడం లేదు. జనం ఊరికే గడ్డం దించి, ఫోటో దిగి, వెళ్లిపోతున్నారు.

మంచు కరిగి రోడ్లన్నీ బురదైనప్పుడు కలీపా వచ్చింది. ఎప్పుడూ స్టూడియోకి రాని మనిషి. పాలకానుక కోటు వేసుకుని వచ్చింది. బజారులో పదిమంది చూడాలి కదా, వియ్యాలవారు పెట్టింది. గుమ్మంలో బూట్లు దులుపుకుని, నీలం గుడ్డ, పొయ్యి, అన్నీ చూసింది.

"నేను తీసిన ఫోటో ఏదే?" అంది. "ఆల్బం మూడుసార్లు తిరగేశాను. నేను బతుకులో తీసింది ఒక్కటే ఫోటో. అది పెట్టలేదేం?"

కార్డు పాడైందనో, పొరపాటున పోయిందనో చెబుతుందనుకున్నాను. నేనైతే అదే చెప్పేవాణ్ణి. అనార్‌కాన్ కంప్యూటర్‌లో ఆ ఫోటో తెరిచి, తెరను ఆమె వైపు తిప్పింది.

కలీపా దగ్గరికి వంగి చూసింది. తన కోటు చూసుకుంది. ముందున్న పొగ చూసింది.

"నా చెయ్యి వణికింది" అంది.

"లేదక్కా."

"వణికింది. నాకు తెలుసు." గొంతు పెరిగింది. "కానీ నేను గట్టిగానే పట్టుకున్నా. ఒట్టేసి చెబుతున్నా అనార్, గట్టిగా పట్టుకున్నా. బాగా రావాలనే పట్టుకున్నా. నేను కావాలని పాడుచేశాననుకోకు."

"అక్కా!"

"ఊళ్లోవాళ్లు అలాగే అనుకుంటారు. అంత మనసు దానికెక్కడిది అంటారు."

అనార్‌కాన్ లేచి కెమెరా తెచ్చింది. కలీపా చేతుల్లో పెట్టింది. వెనక నిలబడి, తన చేతుల్ని ఆమె చేతుల మీద వేసి, ఆమె బొటనవేలిని పట్టుకుని చిన్న బటన్ మీదికి జరిపింది.

"నీ చెయ్యి కాదు. ఇదిగో, ఇది. ముందు ఇది నొక్కాలి, తర్వాత పైది. నాకు చెప్పడం తట్టలేదు. తప్పు నాది. నీ చెయ్యి ఎప్పుడు వణికింది అక్కా? బిడ్డని అందుకున్నప్పుడు కూడా వణకలేదు."

ఇన్నేళ్లలో ఆ మాట వాళ్లిద్దరి మధ్యా నోటితో రావడం అదే మొదలనుకుంటాను. పక్క షెడ్డులో ఎవరో టైరు మీద సుత్తితో కొడుతున్నారు. నేను పొయ్యి దగ్గర బొగ్గు కెలుకుతున్నట్టు నటించాను.

"కూర్చో" అంది కలీపా చివరికి. "అక్కడ కూర్చో. మళ్లీ తీస్తా."

అనార్‌కాన్ స్టూలు మీద కూర్చుంది. కలీపా ఒక కన్ను గట్టిగా మూసి, బొటనవేలితో చిన్న బటన్, తర్వాత పైబటన్ నొక్కింది. చిన్న చప్పుడు. తెరమీద చూశారు.

స్పష్టంగా వచ్చింది. కంటి కింద ముడతలు, స్వెట్టరు మీద ఊడిన పోగు, చెమ్మ నిండి ఇంకా జారని కళ్లు. కలీపాకి మనిషిని మధ్యలో పెట్టడం తెలియదు కాబట్టి అనార్‌కాన్ ఒక చివరికి వచ్చింది. ఆమె పక్కన సగం ఫోటో అంతా ఖాళీ నీలం గుడ్డ.

"ఇప్పుడు వచ్చింది చూడు" అంది కలీపా. ఆ ఖాళీని ఆమె కూడా చూసింది. కోటు బొత్తాలు పెట్టుకుని, బురదలోనే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అనార్‌కాన్ మెనూ తెరిచి, ఫోకస్‌ని మళ్లీ పైబటన్‌కి మార్చేసింది. రెండు పనులూ ఒకే వేలికి. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవరైనా అడ్డం వస్తే ఫోకస్ చెదురుతోంది, మంచి ఫోటోలు కొన్ని పోతున్నాయి. "ఆ బొటనవేలి పద్ధతే బాగుంది కదక్కా, మళ్లీ పెట్టుకో" అన్నాను.

"వద్దు" అంది. "ఇలా ఉంటే ఎవరి చేతికిచ్చినా వస్తుంది. వాళ్లకేమీ చెప్పక్కర్లేదు."

సైకాల్ వేసవిలో ఒకసారి పుట్టింటికి వచ్చి వెళ్లింది. పోప్లార్ చెట్ల సందులోంచి వచ్చి, "పిన్నీ, అమ్మ ఉప్పు తెమ్మంది" అని నవ్వింది. అనార్‌కాన్ మెళ్లో కెమెరా ఉంది. గబగబా పట్టీ తలమీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడింది. అక్కడ నేనున్నాను, తాలాయ్ ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు. ఎవరడిగినా ఇచ్చేసేది. ఎవరూ అడగలేదు.

సైకాల్ ఉప్పు తీసుకుని, అదే సందులోంచి వెళ్లిపోయింది.